బోర్లించిన చెంబు బరువెంత?

ఉక్కు నీళ్ళలో మునుగుతుంది. ఉక్కు డ్రమ్ము మునగదు. జంషెడ్‌పూర్‌లో కాపురముండే తెలుగువాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ మూడు తరాలుగా ఉక్కు తిని, ఉక్కు తాగి బతుకుతున్నాం. 200 లీటర్ల ఖాళీ నూనె డ్రమ్ము బరువు దాదాపు 20 కిలోలు ఉంటుంది. మూత గట్టిగా బిగించి సువర్ణరేఖలో వేస్తే తేలడమే కాదు, ఇద్దరు మనుషులు ఎక్కి కూర్చున్నా మునగదు. దాన్ని పూర్తిగా నీళ్ళ కిందికి తొక్కాలంటే దాని బరువు కాక ఇంకో 180 కిలోలకు పైగా కావాలి.

మా కాలనీలో ఇంజనీరింగ్ చదివే ఇద్దరు కుర్రాళ్ళు ఈ మధ్య ఒక కాగితం తెచ్చి చూపించారు. రెండు డ్రమ్ములు కోసి వెల్డింగ్ చేసి, అడుగు తెరిచి ఉంచి, పైన కిటికీ పెట్టి, లోపల ఒక మనిషి కూర్చునేలా చేసి, నీటి కిందికి దిగాలని వాళ్ళ ఆలోచన. లోపలి గాలి ఒత్తిడీ, బయటి నీటి ఒత్తిడీ ఒక్కటే కాబట్టి డబ్బా నలిగిపోదు, మందమైన ఉక్కు అక్కర్లేదు. ఇలాంటి వాటిని యాంబియెంట్ ప్రెషర్ సబ్‌మెరీన్ అంటారు. తెలుగులో సమపీడన జలాంతర్గామి అనుకుందాం. ఆలోచన మంచిదే. వాళ్ళలో ఒకడు మాత్రం పక్కన ఇంకో మాట చేర్చాడు: "ఇది మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు కదా అంకుల్, దుర్యోధనుడు మడుగులో దాక్కోలేదా?"

ముందు వాళ్ళ కాగితం సంగతి చూద్దాం. దుర్యోధనుడి దగ్గరికి తర్వాత వద్దాం. ఆయన ఎలాగూ మడుగులోనే ఉంటాడు.

గది పరిమాణం 400 లీటర్లు. అంటే అది 400 కిలోల నీటిని పక్కకి తోస్తుంది. ఆ నీరు 400 కిలోల బలంతో దాన్ని పైకి నెడుతుంది. ఇదే మనం ఏడో ఎనిమిదో తరగతిలో బట్టీపట్టిన ఉత్ప్లవన బలం. దీన్ని సరితూచడానికి అడుగున వేసే బరువే బ్యాలస్ట్. కుర్రాళ్ళు డబ్బాకీ చట్రానికీ 40 కిలోలు, మనిషికి 60 కిలోలు వేసుకుని, మిగతా దానికి కాస్త ఎక్కువే ఉండనీ అని 350 కిలోల ఇసుక బస్తాలు రాసుకున్నారు. మొత్తం 450. ఇంకేం, మునుగుతుంది అనుకున్నారు.

మునగదు. ఇసుక కూడా నీళ్ళలోనే ఉంది కదా! దాన్ని కూడా నీరు పైకి నెడుతుంది. ఇసుక రేణువు సాంద్రత నీటికి సుమారు 2.65 రెట్లు. కనుక నీళ్ళలో 100 కిలోల ఇసుక 62 కిలోల పనే చేస్తుంది. 350 కిలోల ఇసుక చేసే పని 218 కిలోలది. ఉక్కు చట్రం 40 కిలోలు కాస్తా 35 అవుతుంది. మనిషి గాలి గదిలో కూర్చున్నాడు కాబట్టి అతని 60 కిలోలూ పూర్తిగా లెక్కలోకి వస్తాయి. మొత్తం 313. పైకి నెట్టేది 400. ఇంకా 87 కిలోలు తక్కువ. డబ్బా నీటి మీద బాతులా ఊగుతూ ఉంటుంది. ఈ లోటు పూడ్చడానికి ఇంకో 140 కిలోల ఇసుక కావాలి. కాంక్రీటు దిమ్మలు వేస్తే ఇంతకంటే అన్యాయం, 100 కిలోల్లో 42 కిలోలు నీరే మింగేస్తుంది. ఉక్కు తుక్కు వేస్తే 13 కిలోలే పోతాయి. సీసం వేస్తే 9 కిలోలే. పాతకాలం వాళ్ళు సీసం వెంట పడింది ఇందుకే.

ఈ లెక్క ఎవరైనా చెయ్యగలరు. కానీ మనిషి నీటి కిందికి దిగిన చరిత్ర అంతా ఈ లెక్క చేసినవాళ్ళకీ చెయ్యనివాళ్ళకీ మధ్య జరిగిన కథ అని నాకు అనిపిస్తుంది.

చెంబు బోర్లించి బకెట్లో నిలువుగా ముంచండి. లోపల గాలి అలాగే ఉంటుంది, అడుగున మాత్రం నీరు కొంచెం లోపలికి వస్తుంది. సమపీడన జలాంతర్గామికి ఆది పురుషుడు ఈ చెంబే. బోర్లించిన పాత్రలో గాలి నింపి ఈతగాళ్ళకి దించుతారన్న మాట అరిస్టాటిల్ పేరుతో చెలామణి అయ్యే గ్రంథంలోనే ఉంది. ఆయన శిష్యుడు అలెగ్జాండర్ గాజు పీపాలో సముద్రం అడుగుకి దిగి చేపల రాజ్యాన్ని చూశాడని మధ్యయుగపు యూరప్‌లో కథలు కథలుగా చెప్పుకున్నారు, బొమ్మలు వేసుకున్నారు. మన శల్యపర్వంలో దుర్యోధనుడు ద్వైపాయన మడుగులో నీటిని స్తంభింపజేసి దాక్కుంటాడు. తిక్కన చేతిలో పడ్డాక ఆ ఘట్టం తెలుగువాళ్ళ నోళ్ళలో స్థిరపడిపోయింది. రెండూ మంచి కథలే. ఓడిపోయిన రాజు ఊపిరి బిగబట్టి నీటి అడుగున కూర్చోవడం ఎంత గొప్ప ఊహ! దాన్ని కథగా చదివినంతసేపూ నాకు ఏ అభ్యంతరమూ లేదు. దాన్ని జలాంతర్గామి అన్న మరుక్షణం మాత్రం నేను తక్కెడ తెస్తాను. గాలి ఎన్ని ఘనపు అడుగులు? బ్యాలస్ట్ ఎంత? గాలి మార్చేదెవరు?

ఈ మూడు ప్రశ్నలకీ జవాబిచ్చినవాడు 1691లో ఎడ్మండ్ హేలీ. తోకచుక్కకి పేరున్న హేలీయే. ఆయన డైవింగ్ బెల్ కొయ్యది, సుమారు 60 ఘనపుటడుగుల గాలి పడుతుంది. అంటే దాన్ని దాదాపు 1,700 కిలోల బలం పైకి నెడుతుంది. కొయ్య తేలేదే తప్ప మునిగేది కాదు. అందుకే హేలీ దానికి సీసపు తొడుగు వేశాడు, అడుగు అంచుకి బరువులు కట్టాడు. బరువు అడుగునే ఎందుకు ఉండాలో మన తంజావూరు బొమ్మ చెబుతుంది. ఎటు తోసినా మళ్ళీ నిలబడాలంటే బరువు కిందే ఉండాలి. బెల్ ఒరిగితే గాలి బుడబుడమంటూ బయటికి పోతుంది, గాలితో పాటు తేలే శక్తీ పోతుంది.

హేలీ గొప్పతనం ఇంకొకటి ఉంది. లోపలి గాలి చెడిపోతుందని ఆయన గుర్తించాడు. సీసం తొడిగిన పీపాల్లో కొత్త గాలి నింపి, పైనుంచి బరువుతో దించి, తోలు గొట్టం ద్వారా బెల్‌లోకి వదిలాడు. చెడిన వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి దాన్ని పైనున్న మూత తిప్పి బయటికి పంపాడు. తానూ ఇంకో నలుగురూ కలిసి 9, 10 బారల లోతులో గంటన్నరకి పైగా కూర్చున్నట్టు రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. మన లెక్కలో అది 16, 18 మీటర్లు. మంత్రం ఏదీ లేదు, కొలతలు ఉన్నాయి. ఎవరైనా మళ్ళీ చేసి చూసుకోవచ్చు.

ఇక లెక్క సగమే చేసినవాడి కథ. ఇది చదివితే మనసు చివుక్కుమంటుంది. జాన్ డే ఇంగ్లండులో బండిచక్రాలు చేసుకునే మనిషి. పెద్ద చదువు లేదు, ధైర్యం మాత్రం బోలెడు. ముందు ఒక చిన్న పడవ మార్చి 30 అడుగుల లోతులో గడిపి క్షేమంగా వచ్చానని చెప్పుకున్నాడు. ఆ ధైర్యంతో పందేలు కాసే ఒక జూదరిని పట్టుకున్నాడు. ఇతను వంద అడుగులకు పైగా లోతులో 12 గంటలు ఉండి వస్తాడని పందెం. ఆ డబ్బుతో 'మరియా' అనే 50 టన్నుల పడవ కొని, మధ్యలో 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున్న గాలి గది కట్టాడు. బ్యాలస్టుకి రాళ్ళు. వాటిని బయట ఇనుప కడియాలకి వేలాడదీసి, లోపలి నుంచే మర తిప్పి వదిలెయ్యగల ఏర్పాటు చేసుకున్నాడు. రాళ్ళు వదిలితే పడవ పైకి రావాలి.

1774 జూన్ 20న ప్లిమత్ రేవులో గది తలుపు బిగించుకున్నాడు. పడవ మునగలేదు! మన కాలనీ కుర్రాళ్ళ చిక్కే. ఆ గది 24 ఘనపు మీటర్లకు పైన, అంటే 24 టన్నులకు పైగా పైకి తోపు. ఇంకో 20 టన్నుల రాళ్ళు వేస్తే అప్పుడు మునిగింది. మళ్ళీ లేవలేదు. జలాంతర్గామిలో ప్రాణం పోయిన తొలి మనిషిగా చరిత్రలో నిలిచింది అతనే.

డే బరువు లెక్క వేసుకున్నాడు, ఒత్తిడి లెక్క వేసుకోలేదు. 30 మీటర్ల లోతులో ప్రతి చదరపు మీటరు మీదా 30 టన్నులు. అతని గది కప్పు 10 చదరపు మీటర్లు. అంటే కప్పు మీదే 300 టన్నులు. కొయ్య పలకలు ఎంతసేపు ఆగుతాయి?

సరే, డే గనక అడుగు తెరిచి సమపీడన గదిగా దిగి ఉంటే? నలిగేవాడు కాదు. కానీ అతను పుట్టకముందే, 1662లో, రాబర్ట్ బాయిల్ ఒక సూత్రం ప్రకటించాడు. ఒత్తిడి ఎన్ని రెట్లు పెరిగితే గాలి అన్నో వంతుకి కుంచించుకుపోతుంది. 30 మీటర్ల లోతున ఒత్తిడి నాలుగు రెట్లు, గాలి నాలుగో వంతు. 8 అడుగుల గదిలో పైన 2 అడుగుల గాలి మిగిలేది. 24 టన్నుల తోపు 6 టన్నులకి దిగేది. 18 టన్నుల తేలిక ఎగిరిపోయాక 20 టన్నుల రాళ్ళు వదిలీ ఏం లాభం? సమపీడన పద్ధతిలో ఉన్న బేరం ఇదే. నలిగిపోవడం నుంచి అది మనల్ని కాపాడుతుంది, బదులుగా దిగేకొద్దీ తేలే శక్తిని లాక్కుంటుంది. పైనుంచి ఒత్తిడితో గాలి నింపుతూ ఉంటే తప్ప ఈ బాకీ తీరదు. గాలి కొట్టే గట్టి పంపులు రావడానికి ఇంకా కాలం పట్టింది. వచ్చాక డైవింగ్ బెల్ కాస్తా వంతెనల పునాదుల్లోకి వెళ్ళింది.

ఇక్కడ మళ్ళీ మన ఊరు వస్తుంది. హౌరా వంతెన గురించి తెలియని జంషెడ్‌పూర్ వాడు ఉండడు. 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు ఇక్కడి టాటా కర్మాగారం పోసిన టిస్‌క్రోమ్ ఉక్కే. 1943 ఫిబ్రవరిలో వంతెన తెరిచారు. ఆ ఉక్కు గురించి అందరం ఛాతీ విరుచుకుని చెప్పుకుంటాం. ఆ ఉక్కు నిలబడిన కాళ్ళ గురించి చెప్పుకోం. అవి కట్టిన తీరు నా దృష్టిలో వంతెన కంటే గొప్ప కథ.

ప్రధాన స్తంభాల కింద దించిన ఒక్కో కెయిసన్, అంటే అడుగు లేని బ్రహ్మాండమైన పెట్టె, 55 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. దానిలో 6.25 మీటర్ల చదరపు బావులు 21. బావుల్లోంచి మట్టి తోడుతూ ఉంటే పెట్టె తన బరువుతో తానే కిందికి దిగుతుంది. హౌరా వైపు మామూలుగానే తోడారు. కలకత్తా వైపు ఇసుక ఊబిలా లోపలికి పారింది. అప్పుడు బావులకి ఉక్కు మూతలు బిగించి లోపలికి గాలి కొట్టారు. చదరపు అంగుళానికి 40 పౌండ్ల ఒత్తిడి. అంటే 28 మీటర్ల నీటిని ఆపగల గాలి. ఆ గాలిలో మనుషులు దిగి మట్టి తవ్వారు. ఈ పనికి దాదాపు 500 మంది కావలసి వచ్చారు. బోర్లించిన చెంబే ఇది, కాకపోతే కదలని చెంబు.

ఇక్కడ కూడా బ్యాలస్ట్ లెక్కే. ఒక్క బావిని పూర్తిగా మూసి ఆ ఒత్తిడితో గాలి ఎక్కిస్తే, ఆ మూతని పైకి నెట్టేది దాదాపు 1,100 టన్నులు. పెట్టె తేలిపోకుండా, ఒరిగిపోకుండా, రోజుకి అడుగో అడుగున్నరో చొప్పున దిగాలి. అంత పెద్ద పెట్టెని అనుకున్న చోటికి 50 నుంచి 75 మిల్లీమీటర్ల తేడాలో దించారు. ఒక రాత్రి మాత్రం అడుగున నేల లొంగిపోయి పెట్టె ఒక్కసారిగా రెండడుగులు కూలబడింది. ఆ అదురుకి ఖిదిర్‌పూర్‌లోని భూకంప యంత్రం కదిలిందనీ, ఒడ్డున ఒక గుడి కూలిందనీ, తర్వాత మళ్ళీ కట్టించారనీ వంతెన చరిత్రలో రాసి ఉంది. గంగమ్మ ఆగ్రహమని ఆ రాత్రి ఎవరైనా అనుకుని ఉంటే వాళ్ళని తప్పుపట్టను. ఇంజనీర్లు మాత్రం కింద ఏ బావిలో ఎంత మట్టి మిగిల్చి తోడాలో లెక్క చూసుకున్నారు. పునాదుల పని 1938 నవంబరులో పూర్తయింది.

అలాంటి గాలిలో పనిచేసి ప్రాణాలతో పైకి రావడం వెనుక ఇంకో లెక్క ఉంది. 1870 ప్రాంతంలో అమెరికాలో సెయింట్ లూయీ దగ్గర ఈడ్స్ వంతెన కెయిసన్లలో పదిమందికి పైగా కూలీలు చనిపోయారు. పని ముగించుకుని పైకి వచ్చి, నవ్వుతూ నాలుగడుగులు వేసి, కీళ్ళనొప్పులతో మెలికలు తిరిగిపోయారు. బ్రూక్లిన్ వంతెన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో ఇదే జబ్బుతో మంచాన పడ్డాడు. 1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ కారణం తేల్చాడు. ఒత్తిడిలో రక్తంలోనూ కండల్లోనూ కరిగిన నత్రజని, ఒత్తిడి తీసేయగానే సోడా బుడ్డి మూత తీసినట్టు బుడగలు కడుతుంది. ఎంత లోతులో ఎంతసేపు ఉంటే ఎంత నెమ్మదిగా పైకి రావాలో 1908లో జె.ఎస్. హాల్డేన్ పట్టికలు వేసి ఇచ్చాడు. మేకల మీద ప్రయోగాలు చేసి మరీ. తాయెత్తు కట్టుకుని దిగిన వాడికీ కట్టుకోని వాడికీ ఆ పట్టిక ఒక్కటే.

ఇప్పుడు ఇంట్లో చేసే జలాంతర్గామి. 1943లో కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు ఆక్వాలంగ్ తయారుచేశాక ఒత్తిడి గాలి సిలిండరు మామూలు మనిషి వీపు మీదికి వచ్చింది. అంతకుముందే ఇటలీ నావికులు నీటిలో నడిచే టార్పెడోల మీద గుర్రాల్లా స్వారీ చేసి, 1941 డిసెంబరులో అలెగ్జాండ్రియా రేవులో రెండు బ్రిటిష్ యుద్ధనౌకల్ని దెబ్బతీశారు. ఆ టార్పెడోల్లో మనిషికి గది లేదు, మనిషి నీటిలోనే ఉన్నాడు. కాబట్టి మోసే బ్యాలస్టూ తక్కువే. గాలి గది కావాలన్న వాడే టన్నుల కొద్దీ బరువు మొయ్యాలి.

12 లీటర్ల సిలిండర్లో 200 రెట్ల ఒత్తిడితో 2,400 లీటర్ల గాలి పడుతుంది. 10 మీటర్ల లోతులో 400 లీటర్ల గదిని నిండుగా ఉంచడానికే ఇంచుమించు 400 లీటర్లు పోతుంది. మిగిలింది నిమిషానికి 40 లీటర్ల చొప్పున పీల్చితే 50 నిమిషాలు. గాలి నింపడం మరిచిపోతే 5 మీటర్లకే 110 కిలోలకు పైగా తేలే బలం పోతుంది. బలం పోతే ఇంకా దిగుతుంది, దిగితే ఇంకా పోతుంది. పైకి వచ్చేటప్పుడు గాలి వ్యాకోచిస్తుంది. అడుగు తెరిచిన గది అయితే అదనపు గాలి దానంతటదే కిందనుంచి జారిపోతుంది, డబ్బా పగలదు. మన ఊపిరితిత్తులకి అలా తెరిచిన అడుగు లేదు. సమపీడన గదిలో ఊపిరి నిండా పీల్చి, బిగబట్టి పైకి లేస్తే ఒకటిన్నర మీటరు లోతు నుంచైనా ఊపిరితిత్తి చిట్లవచ్చు. ఈత కొలనులో కూడా ఇది జరగవచ్చు. "డిమ్నా చెరువులో ఒడ్డు దగ్గరే కదా" అన్న కుర్రాడికి నేను చెప్పింది ఇదే. ముందు లైసెన్సున్న డైవింగ్ శిక్షణ, తర్వాత మనిషి లేకుండా తాడు కట్టి ఇసుక బస్తాతో పరీక్ష, చేతికి అందే చోట ఒక్క లాగుతో వదిలెయ్యగల బరువు. ఇవి లేనిదే ఆ కాగితం కాగితంగానే ఉండాలి.

వదిలెయ్యగల బరువు కొత్త ఊహేమీ కాదు. 1775లో బుష్నెల్ కట్టిన 'టర్టిల్' అడుగున ఉన్న సీసంలో సుమారు 200 పౌండ్లు ఇలా జారవిడవగలిగేదే. 2023 జూన్‌లో అయిదుగురితో నలిగిపోయిన 'టైటన్'కి కూడా జారవిడిచే బరువులు ఉన్నాయి. ఒత్తిడిని గోడతో ఆపాలనుకున్నప్పుడు గోడ ఓడిపోతే బ్యాలస్ట్ చేసేదేమీ ఉండదు.

ఇక "మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు" అనే మాట. దుర్యోధనుడితో సరిపెట్టనివాళ్ళు వైమానిక శాస్త్రం తీస్తారు. భరద్వాజ మహర్షి పేరు మీద సుబ్బరాయశాస్త్రి అనే ఆయన 1918 నుంచి 1923 వరకు చెప్పి రాయించిన పుస్తకం ఇది. అందులో త్రిపుర విమానం నేల మీదా, నీటిలోనూ, గాలిలోనూ మూడుచోట్లా తిరుగుతుంది. మీరు చదివి చూడండి. లోహాల పేర్లు ఉంటాయి, అద్దాల పేర్లు ఉంటాయి. నీటిలో మునగడానికి ఎంత బరువు పెంచుకోవాలో, గాలిలో ఎగరడానికి ఆ బరువు ఎక్కడ దించుకోవాలో ఉండదు. ఎగిరేది తేలికగా ఉండాలి, మునిగేది బరువుగా ఉండాలి. ఒకే వాహనం రెండూ చెయ్యాలంటే చెప్పవలసిన మొట్టమొదటి సంగతి అదే కదా! 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి చెందిన అయిదుగురు ఈ విమానాల కొలతలూ ఆకారాలూ ఓపికగా పరిశీలించారు. ఎగిరే గుణం ఏ ఒక్కదానికీ లేదనీ, పుస్తకం 1904కి ముందుది కాదనీ తేల్చారు. వాళ్ళు వెక్కిరించలేదు, కొలిచారు.

నీటి మీద తేలే రాళ్ళ సంగతీ ఇంతే. అగ్నిపర్వతాల నుంచి వచ్చే ప్యూమిస్ రాయి నిండా గాలి బుడగలు. ఆ రాయిని నెలల తరబడి నీటిలో ఉంచండి, రంధ్రాల్లోకి నీరు చేరేకొద్దీ అదీ మునుగుతుంది. బ్యాలస్ట్ ట్యాంకు నిండింది అన్నమాట.

బ్యాలస్ట్ ట్యాంకు అంటే ఏమిటో కళ్ళతో చూడాలనుకునే తెలుగువాళ్ళకి విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా ఉంది. 1969లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చింది, 2001లో నౌకాదళం నుంచి విరమించింది, 2002 ఆగస్టులో మ్యూజియం అయింది. ఇది సమపీడన రకం కాదు, గోడతో ఒత్తిడిని ఆపే రకం. నీటి మీద ఉన్నప్పుడు దాని బరువు 1,950 టన్నులు, మునిగినప్పుడు 2,475 టన్నులు. తేడా 525 టన్నులు, అదంతా సముద్రపు నీరే. మునగాలంటే లోపలికి తీసుకుంటుంది, తేలాలంటే ఒత్తిడి గాలితో బయటికి నెడుతుంది. బస్తాలు మొయ్యక్కర్లేదు. పర్యాటకులు ఎక్కువగా టార్పెడోల దగ్గరా, ఇరుకు పడకల దగ్గరా ఆగి ఫోటోలు తీసుకుంటారు. మీరు వెళ్ళినప్పుడు గైడుని ట్యాంకుల గురించి అడగండి. ఇంకొక్క మాట, కుర్రాళ్ళు ఎప్పటికైనా తమ డబ్బాని డిమ్నా నుంచి విశాఖకి తీసుకెళ్తే ఉప్పునీటికి 400 లీటర్లకి 10 కిలోలు అదనంగా వేసుకోవాలి. ఆ పదికి ఇసుక అయితే 16 కిలోలు.